రుషికుల్యా మొగలో ఇసుక మేటెక్కిన పడవ: ఖర్చు ఎవరు భరించాలి?

గంజాం_తెరచాప: నవంబరు 1 నుంచి మే 31 దాకా తాబేళ్లను కాపాడడానికని మా దగ్గర మోటారు పడవల వేట నిషేధం. అందుకే తెరచాప కట్టి వెళ్తున్నాం. మొన్న ఆటు మీద మొగలోకి (నది సముద్రంలో కలిసే చోటికి) వస్తుంటే నా పడవ మేట మీద ఎక్కేసింది. అలలు అడ్డంగా కొట్టాయి, ట్రాక్టరుతో లాగించాం. అడుగున ఫైబరు చీలింది, చుక్కాని వంగిపోయింది. బాగుచేత, ట్రాక్టరు కిరాయి, పోయిన వేట అన్నీ నేనే మొయ్యాలా? చుక్కాని పట్టినవాడు సగం పెట్టుకోవద్దా?

గోపాలపూర్_సరంగు: నేల తగలగానే చాప దించారా? ముందు అది చెప్పండి. దించకపోతే గాలి పడవని ఇంకా పైకి తోస్తుంది. తర్వాత లోతు వైపు లంగరు వేసి, బరువు దించి, పోటు కోసం కూర్చోవాలి. పోటుకీ పోటుకీ మధ్య పన్నెండు గంటల పైచిలుకే. ఎండిన ఇసుక మీద ట్రాక్టరుతో ఈడిస్తే చీలక ఏమవుతుంది?

ఛత్రపురం_కుర్రోడు: బీమా లేదా అన్నా? మత్స్య సంపద యోజనలో 5 లక్షలు ఇస్తారు కదా.

గంజాం_తెరచాప: అది మనిషి పోతే ఇచ్చేది తమ్ముడూ. పడవకు కాదు. అప్పు నా పేరునే ఉంది.

బరంపురం_బాబాయి: ఈ తీరంలో ఇసుక ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. మొగ ఒక్కచోట నిలవదు. చిలికా సరస్సుకు 2000లో కొత్త మొగ తవ్వారు, మనకు తవ్వరు. ప్రభుత్వాన్ని అడగాల్సింది పోయి కూలివాడి మీద పడతారేంటి?

గంజాం_తెరచాప: ప్రభుత్వం వచ్చేదాకా నా పడవ ఒడ్డునే ఎండాలా?

ఇచ్ఛాపురం_బాహుదా: మా నాన్నకి ఇలాగే జరిగింది. ఆసామి ప్రతి వేటలోనూ వాటా కోసేశాడు. ఆ పడవ అమ్మీసినాక కూడా బాకీ ఉందన్నాడు. నేను ఆ మాట మర్చిపోలేను. వేటలో వచ్చింది పంచేటప్పుడు పడవకని వేరే వాటా తీస్తారు కదా, అది ఎందుకు మరి? ఇలాటి రోజుకే కాదా?

గంజాం_తెరచాప: ఆ వాటా అప్పు వడ్డీకే చాలదు. మీ నాన్నగారి ఆసామిని నేను కాదండీ.

గోపాలపూర్_సరంగు: చాప సంగతి ఇంకా చెప్పలేదు.

గంజాం_తెరచాప: దించలేదు! అందుకే వాడి తప్పంటున్నాను. పాతికేళ్ల అనుభవం అని చెప్పుకునేవాడు మొగలో మేట ఎక్కడుందో చూసుకోడా?

పూరుణబంధ_మేనల్లుడు: ఆ రోజు చుక్కాని పట్టింది మా మావయ్యే. ఆయనకి ఫోనులో రాయడం రాదు కాబట్టి నేను రాస్తున్నాను. పోటు వచ్చేదాకా బయటే లంగరేసుకుని ఉంటామన్నాడు. ఫోనులో "లారీ వెళ్లిపోతుంది, వచ్చెయ్యండి" అన్నది ఎవరు? మీరు కాదా?

గంజాం_తెరచాప: అన్నాను. ఐసు లారీ పోతే ఆ చేప ఎవడు కొంటాడు? నలుగురి వాటా పోకూడదనే అన్నాను. రమ్మంటే కళ్లు మూసుకుని రమ్మని కాదు.

పూరుణబంధ_మేనల్లుడు: ఆగుతానంటే ఆగనివ్వరు. ఎక్కితే మాత్రం చుక్కాని నీ చేతిలో ఉంది కదా అంటారు. ఎప్పుడు లోపలికి రావాలో చెప్పే హక్కు మీదైతే చీలిన ఫైబరూ మీదే.

ఇచ్ఛాపురం_బాహుదా: అదీ మాట. డబ్బు తర్వాత, ముందు ఇది తేల్చుకోండి.

గోపాలపూర్_సరంగు: ఇకనుంచి మొగ దాటే సమయం చుక్కాని దగ్గరున్నవాడే చెప్పాలని పెద్దల ముందు రాయించుకోండి. చీలిన చోట రెసిను (ఫైబరు అతికే జిగురు) ఇప్పుడే పూయొద్దు. మంచినీళ్లతో ఉప్పు కడిగి, లోపలి చెక్క బాగా ఆరాకే పూయాలి. తడి మీద పూస్తే తొలి అలకే ఊడుతుంది.

గంజాం_తెరచాప: ఆదివారం పెద్దల దగ్గర కూర్చుంటున్నాం. బాగుచేత పడవ వాటాలోంచే పెట్టుకుంటాను. ట్రాక్టరు కిరాయి మాత్రం అందరూ పంచుకోవాలి. అందులో తగ్గను.

పూరుణబంధ_మేనల్లుడు: పోటు దాకా ఆగుదామని మావయ్య అప్పుడూ అన్నాడు. ట్రాక్టరుని పిలిచింది మీరు.