పాత సీడీలు, క్యాసెట్ల పాటలు దాచడానికి ఏ హార్డ్ డిస్క్ మేలు?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి)

అందరికీ నమస్కారం. మా నాన్నగారు కూడబెట్టిన సుమారు 400 ఆడియో సీడీలను, హరికథలు, పౌరాణిక నాటక పద్యాలు ఉన్న 200 క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాను. సీడీలను ఫ్లాక్ (నాణ్యత తగ్గకుండా కుదించే పద్ధతి) ఫైళ్లుగానూ, క్యాసెట్లను 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ల వేవ్ (కుదించని శబ్దం) ఫైళ్లుగానూ ఉంచుతున్నాను. బరంపురంలో విచారిస్తే ఒక దుకాణంవారు అడాప్టర్‌తో నడిచే 4 టీబీ పెద్ద డిస్క్ తీసుకోమన్నారు, మరొకరు 1 టీబీ ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లేలు లేకుండా చిప్‌లలో దాచే డిస్క్) అన్నారు. యూఎస్‌బీ తీగతోనే నడిచే 2 టీబీ పోర్టబుల్ డిస్క్ చాలదా అన్నది నా సందేహం. వానాకాలంలో మా వీధిలో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేము. పాటలను మా అమ్మగారు హాలులోని టీవీకి డిస్క్ తగిలించి వింటారు. తెలిసినవారు సలహా ఇవ్వగలరు.

జవాబు (బరంపురం నుంచి)

ముందు లెక్క వేసుకోండి. సీడీలోని శబ్దం కుదించకుండా ఉంటే గంటకు సుమారు 635 ఎంబీ అవుతుంది. ఫ్లాక్‌లో సాధారణంగా అందులో సగం నుంచి మూడింట రెండు వంతుల దాకా పడుతుంది. కాబట్టి సీడీకి గంట చొప్పున చూసినా మీ 400 సీడీలు 170 జీబీ దాటకపోవచ్చు. క్యాసెట్లు మీరు చెప్పిన పద్ధతిలో గంటకు 1 జీబీ కంటే కొంచెం ఎక్కువ తీసుకుంటాయి. అన్నీ కలిపి 500 జీబీలోపే ఉంటాయి కనుక 4 టీబీ డిస్క్‌కు పెట్టే డబ్బుతో రెండు 2 టీబీ పోర్టబుల్ డిస్కులు కొనడమే మంచిది. వాటిలో ఒకటి పాడైనా రెండవది మిగులుతుంది. 2 టీబీ అని రాసి ఉన్నదాన్ని విండోస్ 1.81 టీబీగా చూపిస్తుంది. అది మోసం కాదు, లెక్కించే పద్ధతిలోని తేడా మాత్రమే.

వేగం గురించి ఆలోచించనక్కరలేదు. సీడీ నాణ్యతతో పాట వినడానికి సెకనుకు 0.2 ఎంబీ కూడా అవసరం లేదు. అడాప్టర్ డిస్క్‌తో అసలు ఇబ్బంది మీరు చెప్పిన కరెంటే: ఫైల్ రాస్తూ ఉండగా కరెంటు పోతే డిస్క్ కూడా ఆగిపోతుంది, ఫైళ్ల పట్టిక దెబ్బతినవచ్చు. పోర్టబుల్ డిస్క్ ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదే నడుస్తుంది. ఈ రకం డిస్కుల్లో చాలా వరకు ఎస్‌ఎంఆర్ (రాత వరుసలను ఒకదానిపై ఒకటి కొంత కప్పి రాసే) పద్ధతివే, అంటే పదే పదే చెరిపి రాస్తే నెమ్మదిస్తాయి. ఒకసారి రాసి దాచే మీ పనికి అది లోపం కాదు.

జవాబు (రాయగడ నుంచి)

పై మాటలతో ఏకీభవిస్తాను కానీ, అమ్మగారు టీవీకి తగిలించి తీసే డిస్క్, భద్రపరిచే డిస్క్ ఒకటే కాకూడదు. చేతిలోంచి జారితే తిరిగే పళ్లేలున్న డిస్క్ పోయినట్లే. టీవీకి ఒక చిన్న ఎస్‌ఎస్‌డీనో, ఎంపీ3లు నింపిన పెన్ డ్రైవో ఇవ్వండి. 320 కేబీపీఎస్‌లో గంటకు 144 ఎంబీ చాలు. డిస్క్‌లో ఫైళ్లను అమర్చే పద్ధతుల్లో ఎక్స్‌ఫ్యాట్‌ను మీ టీవీ గుర్తించకపోతే, పాతదైన ఫ్యాట్32గా ఫార్మాట్ చేయండి. అందులో ఒక్కో ఫైల్ 4 జీబీ మించకూడదన్న నియమం మీ ఫైళ్లకు అడ్డు రాదు.

బీరువాలో ఏళ్ల తరబడి ఉంచడానికి మాత్రం ఎస్‌ఎస్‌డీ వద్దు. కరెంటు అందకుండా ఉన్నప్పుడు, అందులోనూ వేడిలో, దానిలోని విద్యుదావేశం మెల్లగా తగ్గిపోతుంది. జెడెక్ (చిప్‌లకు ప్రమాణాలు నిర్ణయించే సంస్థ) ప్రమాణం ఇంటి వాడకపు ఎస్‌ఎస్‌డీల నుంచి కోరేది, రాతల పరిమితి పూర్తయ్యాక కరెంటు లేకుండా 30 డిగ్రీల వద్ద ఒక సంవత్సరం పాటు ఫైళ్లు నిలవడం మాత్రమే. కొత్తది అంతకంటే ఎక్కువ కాలమే నిలుస్తుంది, అయినా నాన్నగారి సేకరణను దాని మీద వదిలేయలేము.

జవాబు (జయపురం నుంచి)

రెండు డిస్కులూ ఒకే ఇంట్లో ఉంచవద్దు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస వైపు తీరం దాటినప్పుడు మీ గజపతి జిల్లా కూడా వరదల పాలైంది. అందువల్ల టెక్కలిలోనో పలాసలోనో ఉన్న బంధువుల ఇంట రెండవది దాచినా పెద్దగా ప్రయోజనం ఉండదు. తీరానికి దూరంగా, మా వైపో హైదరాబాదులోనో నమ్మకమైనవారి దగ్గర ఉంచండి. తేమ తగలకుండా సిలికా జెల్ సంచితో మూత బిగుతైన డబ్బాలో పెట్టండి.

క్యాసెట్ల వేవ్ ఫైళ్లను కూడా ఫ్లాక్‌లోకి మార్చండి. నాణ్యత ఏమాత్రం తగ్గదు, స్థలం మిగులుతుంది. అంతకంటే ముఖ్యంగా, ఫ్లాక్ ఫైల్‌లోనే అసలు శబ్దపు ఎండీ5 గుర్తు (శబ్దాన్ని బట్టి లెక్కకట్టిన, వేలిముద్ర లాంటి సంఖ్య) నిక్షిప్తమై ఉంటుంది కాబట్టి, ఏడాదికొకసారి డిస్క్ తగిలించి పరీక్ష నడిపితే ఏ ఫైల్ చెడిందో తెలుస్తుంది, దానిని రెండవ డిస్క్ నుంచి తెచ్చుకోవచ్చు. కొనేటప్పుడు రెండింటినీ వేర్వేరు కంపెనీలవి తీసుకోండి.