అమ్మకి ఇంప్లాంట్ ఫ్రీగా వేస్తామంటున్నారు, కానీ "స్టడీ" అట. సంతకం పెట్టొచ్చా?

వడుకు ఇంటి అబ్బాయి (పొందూరు)

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మాది పొందూరు. అమ్మకి 58 ఏళ్లు. చిన్నప్పటి నుంచీ రాట్నం మీదే ఉంది. మా ఖాదీకి పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారని చాలామందికి తెలిసే ఉంటుంది. ఆ దవడకి సన్నటి పళ్లు వరసగా ఉంటాయి, దువ్వెన కూడా అంత సన్నగా ఉండదు. "వాలుగ దవడ అరిగిపోతే ఇంకోటి కొనుక్కుంతాం, నా దవడకి ఏటి సేత్తాం" అని అమ్మ నవ్వుతూ అంటుంది గానీ, కింద దవడలో రెండు వైపులా పెద్ద పళ్లు ఒక్కొక్కటి పోయాయి. ఎడమది తీసి ఆరేళ్లు, కుడిది తీసి రెండేళ్లు. జంతిక చేతికిస్తే టీలో నానబెట్టుకుని తింటుంది.

పోయిన నెల విశాఖ వైపు నుంచి ఒక డెంటల్ కాలేజీ వాళ్లు మా ఊళ్లో క్యాంపు పెట్టారు. అమ్మ నోరు చూసి, రెండు వైపులా ఒకే రకం పన్ను లేదు కాబట్టి మా స్టడీకి సరిపోతారు, రెండు ఇంప్లాంట్లూ (పన్ను పోయినచోట దవడ ఎముకలో బిగించే స్క్రూలు) ఫ్రీగా వేస్తాం అన్నారు. బయట అడిగితే ఒక్కో పంటికి 30 వేలు చెప్పారు. అంటే 60 వేలు. మా ఇంట్లో అది చిన్న మాట కాదు.

అక్కడున్న పీజీ అమ్మాయి చెప్పింది ఇది. చేతి నుంచి కొంచెం రక్తం తీసి మిషన్‌లో తిప్పుతారట. పైన పసుపుపచ్చ జున్నులా ఒక గడ్డ వస్తుందట, దాన్ని పీఆర్‌ఎఫ్ అంటారట. ఒక పక్క ఇంప్లాంట్‌కి అది పెట్టి వేస్తారు, రెండో పక్క అది లేకుండా వేస్తారు. ఏ పక్క ఏదన్నది డాక్టర్ చేతుల్లో ఉండదు, కవరు తెరిస్తే అందులో ఏం రాసుంటే అది. ఏడాదిలో తొమ్మిదిసార్లు రావాలి, స్కానింగులు కూడా ఉంటాయి.

ఏడు పేజీల కాగితం ఇచ్చారు. మొత్తం ఇంగ్లీషు. నేను డిగ్రీ చదివాను గానీ అందులో సగం అర్థం కాలేదు. అమ్మ మాత్రం ఒకటే మాట: "నా మీద పెయోగం సేత్తారేటి?"

సంతకం పెట్టించవచ్చా? మధ్యలో వద్దంటే ఊరుకుంటారా? పాడైతే ఎవరిది బాధ్యత?

---

ఎర్రబస్సు

ఫ్రీగా ఎవడూ ఏదీ ఇవ్వడు భయ్యా. కుందేళ్లు దొరక్క మన ఊళ్ల మీద పడ్డారు. పెద్దావిడని ఎందుకు తిప్పుతావు, తీసి పెట్టుకునే పళ్ల సెట్టు కట్టించెయ్.

---

గంటస్తంభం దగ్గర (విజయనగరం)

తమ్ముడూ, నేను విశాఖలో ఒక ఆసుపత్రిలో ఆరేళ్లు ఇలాంటి స్టడీలకి కోఆర్డినేటర్‌గా చేశాను. కవర్లు సీలు వేసే పని కూడా నాదే. ఇప్పుడు మానేసి ఇంటి దగ్గరే ఉంటున్నాను కాబట్టి మొహమాటం లేకుండా చెప్తాను.

ముందు ఎర్రబస్సు గారికి. కుందేళ్ల దశ ఎప్పుడో దాటిపోయింది. 1950ల్లో స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే ఆయన కుందేలు కాలి ఎముకలో రక్తం ఎలా పారుతోందో చూడ్డానికి టైటానియం గొట్టం లాంటిది బిగించాడు. పని అయ్యాక తీయబోతే రాలేదు, ఎముక దాన్ని పట్టేసింది. ఇప్పటి ఇంప్లాంట్లన్నీ అక్కడి నుంచి వచ్చినవే. 1965లో యోస్టా లార్సన్ అనే మనిషికి మొదటిసారి వేశారు. ఆయన 2006లో పోయేదాకా, అంటే నలభై ఏళ్లకి పైగా, అవి పనిచేశాయి. కాబట్టి అమ్మ మీద ఇంప్లాంట్‌ని ప్రయోగించడం లేదు, అది నిలబడుతుందని తెలిసిందే. తెలియనిది ఆ పసుపు గడ్డ పెడితే ఎముక త్వరగా పడుతుందా లేదా అన్నది. మొదటి వారాల్లో కొంత పట్టు పెరుగుతుందని కొన్ని స్టడీలు చెప్పాయి, ఏం తేడా లేదని మరికొన్ని చెప్పాయి. అందుకే ఇంకా చేస్తున్నారు. ఆ గడ్డ ఆవిడ రక్తమే, అందులో మందేం కలపరు.

కవరు సంగతి. డాక్టర్‌కే వదిలేస్తే ఏం చేస్తారో నేను కళ్లారా చూశాను. ఎముక బాగా ఉన్న పక్క, చెయ్యి సులువుగా వెళ్లే పక్క కొత్తది పెడతారు. మోసం అని కాదు, చెయ్యి అలా వెళ్లిపోతుంది. తర్వాత కొత్తది బ్రహ్మాండం అని రాసుకుంటారు. కవరు ఉన్నది దానికి. పైగా ఒకే నోట్లో రెండు పక్కలా పోల్చడంలో ఒక మంచి ఉంది, అదే ఉమ్మి, అదే తిండి, అదే షుగరు. ఒక్కటే చిక్కు, మనిషి ఏదో ఒక పక్కే ఎక్కువ నమలడం. అమ్మ ఏ పక్క నములుతుందో వాళ్లు అడిగారా? అడక్కపోతే మీరే చెప్పండి.

ఇంగ్లీషు కాగితం మీద మాత్రం సంతకం పెట్టించకండి. ఐసీఎంఆర్ (దేశ వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం ఆ వివరాలు మనిషికి అర్థమయ్యే భాషలో ఉండాలి, సంతకం అయ్యాక ఒక కాపీ మీకివ్వాలి. చదవడం రానివాళ్లకైతే స్టడీకి సంబంధం లేని సాక్షి ఒకరు పక్కన ఉండాలి. ఎప్పుడైనా, కారణం చెప్పకుండా మానేయొచ్చు, దానివల్ల మామూలు వైద్యం ఆగకూడదు. స్టడీ వల్ల హాని జరిగితే వైద్యం ఖర్చు మీ మీద పడకూడదు. తెలుగు కాగితం అడిగితే దాదాపు ప్రతిచోటా ఉంటుంది. స్టడీకి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీకి ఇవ్వడానికి తయారుచేస్తారు, తర్వాత బీరువాలో పెట్టేస్తారు, అంతే.

సీటీఆర్‌ఐ నంబరు కూడా అడగండి. దేశంలో జరిగే క్లినికల్ ట్రయల్స్ నమోదయ్యే రిజిస్ట్రీ అది, 2007 నుంచి ఉంది, ఎవరైనా నెట్‌లో చూడొచ్చు. ఎంతమందిని తీసుకుంటున్నారు, ఎవరిని తీసుకోకూడదు అన్నీ అందులో ఉంటాయి.

ఇప్పుడు నా అసలు అనుమానాలు. ఫ్రీ అన్నది ఇంప్లాంట్ ఒక్కటేనా, పైన క్యాప్ కూడానా? ఇది నేను చాలాసార్లు చూశాను. దవడలో స్క్రూ ఉంటుంది, పైన పన్ను ఉండదు, క్యాప్‌కి డబ్బుల్లేక మనిషి అలాగే తిరుగుతుంటుంది. రెండోది, ఇది బహుశా ఆ అమ్మాయి ఎండీఎస్ (పళ్ల డాక్టర్ల పీజీ) థీసిస్. ఆ కోర్సు మూడేళ్లు. ఆమె పాసై వెళ్లిపోయాక అమ్మ పంటికి ఎవరు దిక్కు? సీనియర్ పేరు, ఫోన్ నంబరు కాగితం మీద ఉండాలి. ఇంప్లాంట్ ఊడిపోకుండా ఉంటే చాలదు. చుట్టూ ఎముక ఎంత తరిగిందో ఎక్స్‌రేలో చూసుకోవాలి. మొదటి ఏడాది తర్వాత ఏటా 0.2 మిల్లీమీటర్ల లోపే తరగాలన్న లెక్క 1986 నుంచి ఉంది. థీసిస్ అయిపోయాక ఆ లెక్క చూసేవాళ్లు ఉండాలి కదా.

ఇంకొకటి. అమ్మ ఏ మాత్రలు వేసుకుంటుందో అన్నీ చెప్పారా? క్యాంపుల్లో షుగరుందా, బీపీ ఉందా అని రెండే అడుగుతారు. వారానికి ఒక్కసారి, పరగడుపున గ్లాసుడు నీళ్లతో వేసుకుని అరగంట పడుకోకూడదు అనే మాత్ర ఏమైనా ఉందా?

---

బొబ్బిలి మాస్టారు

నా అనుభవం. కింద దవడకి ఇంప్లాంట్ వేయించుకున్నాను, 2018లో. డాక్టరు గారు సిగరెట్ మానమన్నారు. మానానని చెప్పాను. అబద్ధం. రోజుకి నాలుగైదు కాల్చేవాణ్ణి. నాలుగో నెలలో క్యాప్ కొలతలకి వెళ్తే, ఆయన పైన చిన్న పనిముట్టు పెట్టి తిప్పేసరికి మొత్తం స్క్రూ మెత్తగా తిరిగింది. నొప్పి కూడా లేదు. పాత తలుపుకి వదులైన మేకులా చేతిలోకి వచ్చేసింది. ఎముక పట్టనే లేదట. నిజంగా మానేసి, ఏడు నెలల తర్వాత మళ్లీ వేయించుకున్నాను, అది ఇప్పటికీ ఉంది. డబ్బులు మాత్రం రెండుసార్లు కట్టాను.

మీ అమ్మగారికి చుట్ట అలవాటు లేదు కదా బాబూ? మన వైపు పెద్దవాళ్లని అడగాల్సిన ప్రశ్న.

---

వడుకు ఇంటి అబ్బాయి (పొందూరు)

మాస్టారూ, అమ్మకి లేదు. నాయనమ్మకి ఉండేది, అది కూడా అడ్డపొగ. నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చేది. ఆవిడ అంగిలి తెల్లగా, ఎండిన చెరువులా బీటలు వారి ఉండేది, చిన్నప్పుడు నోరు తెరిచి చూపించమని ఆడుకునేవాళ్లం.

అక్కా, మీరన్న మాత్ర చదివి ఒళ్లు జలదరించింది. ఉంది. మూడేళ్ల కిందట మెట్ల మీద జారి మణికట్టు విరిగితే శ్రీకాకుళంలో ఎముకల డాక్టర్ రాశారు. ప్రతి సోమవారం పొద్దున్నే వేసుకుని, పడుకోకూడదని రాట్నం ముందు కూర్చుంటుంది. దాన్ని "సోమారం మాత్తర" అంటుంది తప్ప మందుగా లెక్కే వేయదు. క్యాంపులో చెప్పలేదు. వాళ్లూ అడగలేదు. పేరు అలెండ్రోనేట్ అని ఉంది. ప్రమాదమా?

---

గంటస్తంభం దగ్గర (విజయనగరం)

టెన్షన్ పడకు. మాత్ర మాత్రం ఆపేయకండి, అది రాసిన డాక్టర్‌ని అడక్కుండా అస్సలు ఆపకూడదు.

ఈ జాతి మందులు ఎముక అరుగుదలని ఆపుతాయి, దాంతోపాటు పాత ఎముక పోయి కొత్తది వచ్చే పనీ నెమ్మదిస్తుంది. వీటివల్ల దవడ ఎముక చచ్చిపోయి బయటపడుతోందని 2003లో అమెరికాలో ఒక ఓరల్ సర్జన్ మొదట బయటపెట్టాడు. ఆయన చూసినవి ఎక్కువగా కేన్సర్ రోగులకి నరంలోకి ఇచ్చే ఇంజెక్షన్ల కేసులు. వారానికో మాత్ర వేసుకునేవాళ్లకి ఆ ప్రమాదం చాలా తక్కువ. మామూలుగా అయితే ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకుని ఇంప్లాంట్ వేయొచ్చు కూడా. కానీ స్టడీ లెక్క వేరు. ఎముక ఎంత త్వరగా పడుతుందో కొలిచేచోట, ఎముకని మార్చే మందు వాడే మనిషిని పెడితే కొలతే తప్పుతుంది. అలాంటివాళ్లని తీసుకోకూడదని ఆ పత్రంలోనే రాసి ఉండాలి. సీటీఆర్‌ఐ పేజీలో చూడు.

నాయనమ్మ సంగతి చదివి ఒకటి గుర్తొచ్చింది. అడ్డపొగ తాగేవాళ్ల అంగిలి మీద మన శ్రీకాకుళం జిల్లాలో ఇల్లిల్లూ తిరిగి 10,169 మంది నోళ్లు చూసి చేసిన సర్వే 1971లో అచ్చయింది. అప్పటికి విజయనగరం జిల్లానే లేదు. ఇవాళ అడ్డపొగ గురించి ప్రపంచంలో ఏ నోటి డాక్టర్ చదువుకున్నా మన ఊళ్ల పేరు చదవాల్సిందే. ఎర్రబస్సు గారూ, మనవాళ్లు నోరు తెరిచి చూపించబట్టే అది తెలిసింది.

---

కవిటి కొబ్బరితోట

ఒక్క మాట. మాది ఉద్దానం. మా వైపు వాళ్లు ఇంప్లాంటే కాదు, ఉత్త పన్ను పీకించుకున్నా ముందు క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష) చూపించుకోండి. పంటి పని అయ్యాక అలవాటుగా డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు రాసేస్తారు. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకి అవి మంచివి కావు. మా మావయ్య పన్ను నొప్పని మెడికల్ షాపులో కొని పది రోజులు మింగాడు, తర్వాత చూస్తే రిపోర్టులో క్రియాటినిన్ ఎక్కడికో పెరిగిపోయింది. డెంటిస్ట్‌కి కిడ్నీ సంగతి మనమే చెప్పాలి, ఆయన నోరే చూస్తాడు.

---

వడుకు ఇంటి అబ్బాయి (పొందూరు)

మూడు వారాల తర్వాత వచ్చాను, ఏమైందో చెప్దామని.

నంబరు అడిగితే ఇచ్చారు. రిజిస్ట్రీలో ఉంది. తీసుకోకూడనివాళ్ల వరసలో అక్క చెప్పినట్టే ఎముకల మందులు వాడేవాళ్లు అని రాసుంది. అయినా మొన్న మంగళవారం ప్యాసింజర్‌కి అమ్మని తీసుకుని వెళ్లాను, మాత్రల అట్ట సహా.

తెలుగు కాగితం అడిగితే నిజంగానే బీరువాలోంచి తీశారు. క్యాప్ గురించి అడిగితే పీజీ అమ్మాయి సీనియర్ వైపు చూసింది. ల్యాబ్ ఖర్చు మీదే అన్నారాయన, ఒక్కోదానికి నాలుగు వేలు. ఆ సంగతి ఏడు పేజీల్లో ఎక్కడా కనబడలేదు.

తర్వాత అమ్మ అడిగింది: "కవరు సూసి వేసేదానికి నీకు ఇంత సదువెందుకమ్మా?" ఆ అమ్మాయి నవ్వేసింది. ఒక పేపరు తీసుకుని దవడ బొమ్మ గీసి, నరం ఎక్కడుంటుందో, స్క్రూ దానికి రెండు మిల్లీమీటర్లు పైనే ఎందుకు ఆగాలో, తగిలితే పెదవి ఎలా మొద్దుబారిపోతుందో చెప్పింది. "చదువు దీనికమ్మా, కవరు నా బుద్ధికి కళ్లెం" అంది. అమ్మకి ఆ పిల్ల నచ్చేసింది.

అప్పుడు నేను మాత్రల అట్ట బయటపెట్టాను. ఆ అమ్మాయి పేరు చదివింది, మొహం వాడిపోయింది. ఇరవై మంది కావాలట, అమ్మ పద్దెనిమిదో మనిషట. సీనియర్ అట్ట వెనక్కి తిప్పి చూసి, "ఈ స్టడీలోకి కుదరదు, ముందే చెప్పి మంచి పని చేశారు" అన్నారు. బయట వేయించుకోవాలంటే ఎముకల డాక్టర్‌తో మాట్లాడాక వేయించుకోవచ్చన్నారు. అరవై వేలు ఇప్పట్లో మా వల్ల కాదు. కొలతలు ఇచ్చి వచ్చాం, తీసి పెట్టుకునే సెట్టే. ఎర్రబస్సు అన్నా, చివరికి నీ మాటే అయింది, కారణం మాత్రం వేరు.

తిరుగు రైలు చీపురుపల్లి దాటాక అమ్మ ఉన్నట్టుండి, "పాపం ఆ గుంటకి ఇంకా ముగ్గురు కావాలి కదరా, మన ఈదిలో రెండు పక్కలా పళ్లు లేనోలు ఎవులున్నారు?" అని వేళ్లు మడిచి లెక్కపెట్టడం మొదలెట్టింది. ఇద్దరు తేలారు. వాళ్ల మాత్రల డబ్బాలు ముందు నేను చూస్తానన్నాను.