1906లో న్యూయార్క్‌లో ‘రాధ’ ఆడిన రూత్ సెయింట్ డెనిస్ గురించి తెలిసినవాళ్లు చెప్పగలరా?

న్యూజెర్సీ_అమ్మ:
అందరికీ నమస్కారం. మా అమ్మాయి హైస్కూల్లో ఉంది, చిన్నప్పటి నుంచి కూచిపూడి నేర్చుకుంటోంది. అమెరికన్ డాన్స్ చరిత్ర మీద ప్రాజెక్టు ఇస్తే రూత్ సెయింట్ డెనిస్‌ని ఎంచుకుంది. ఆవిడ 1879లో ఇక్కడే, న్యూజెర్సీలోనే పుట్టిందట. ‘రాధ’ అనే నాట్యంతోనే పేరు వచ్చిందట. తీరా ఫొటోలు చూస్తే ఒంటి నిండా నగలు, పద్మాసనం, చుట్టూ తలపాగాల మనుషులు. కృష్ణుడు ఎక్కడా లేడు. ముద్రలు కూడా మనవిలా లేవు. ఈవిడ ఎవరి దగ్గర నేర్చుకుంది? దీని మీదే బతికిందా? పిల్ల అడుగుతుంటే ఏం చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

పాత_పోస్టర్లు:
ఎవరి దగ్గరా నేర్చుకోలేదండీ. 1904లో ఒక నాటకం ట్రూపుతో తిరుగుతూ బఫెలో ఊరు వెళ్లినప్పుడు మందుల షాపులో ‘ఈజిప్షియన్ డీటీస్’ సిగరెట్ల పోస్టర్ చూసింది. అందులో ఐసిస్ దేవత సింహాసనం మీద కూర్చుని ఉంటుంది. అక్కడ పట్టుకుంది తూర్పుదేశాల పిచ్చి. ముందు ఈజిప్టు మీద చేద్దామనుకుంది. ఆ తర్వాత న్యూయార్క్‌లోని వినోద కేంద్రం కోనీ ఐలండ్‌లో ఇండియా నుంచి తెచ్చిన పాములవాళ్లని, నాచ్ (మేజువాణీల్లాంటి ఆట) ఆడే అమ్మాయిలని చూసి ఇటు తిరిగింది.

గజ్జెకట్టిన_టీచర్:
అమ్మా, నేను కూచిపూడి చెబుతాను. మా పెద్ద పిల్లలకి ఈవిడ గురించి తప్పకుండా ఒక క్లాసు తీసుకుంటాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

‘రాధ’లో రాధ లేదు. జైన దేవాలయంలో దేవతా విగ్రహం ఒకటి ప్రాణం పోసుకుని కిందికి దిగుతుంది, అయిదు ఇంద్రియాలకీ ఒక్కో నాట్యం చేస్తుంది. చూపుకి ముత్యాలు, వినికిడికి గంటలు, వాసనకి పూలదండ, రుచికి మద్యం పాత్ర, స్పర్శకి తన అరచేతినే తను ముద్దు పెట్టుకోవడం. తర్వాత బంగారు రంగు పావడాతో గిరగిరా తిరిగి కుప్పకూలుతుంది. చివరికి అన్నీ వదిలి మళ్లీ పీఠమెక్కి పద్మాసనంలో కూర్చుంటుంది. సంగీతం డెలీబ్ అనే ఫ్రెంచ్ ఆయన రాసిన ‘లాక్మే’ ఒపెరాలోది. తాళం, సాహిత్యం, నట్టువాంగం ఏమీ లేవు. కాబట్టి దీన్ని భారతీయ నాట్యం అని పాప రాయకూడదు. అమెరికన్ రంగస్థల నాట్యం అని రాయాలి, అది కూడా గట్టి పనితనం ఉన్నది.

ఆ పనితనం ఎక్కడిదంటే, పదిహేనేళ్ల వయసులో, 1894లో, న్యూయార్క్‌లో డైమ్ మ్యూజియంలో స్కర్ట్ డాన్సులతో మొదలుపెట్టింది. అంటే వింతలు, ఆటపాటలు చూపించే చవక వినోదశాల. డైమ్ అంటే పది సెంట్లు, టికెట్ అంతే. రోజుకి ఎన్ని ఆటలు పడితే అన్ని ఆడాలి. తర్వాత డేవిడ్ బెలాస్కో అనే పెద్ద నిర్మాత నాటకాల్లో చిన్న వేషాలు. అసలు పేరు రూత్ డెనిస్, మధ్యలో ఆ ‘సెయింట్’ తగిలించింది కూడా బెలాస్కోయే అంటారు. లైటింగు, ప్రవేశం, ప్రేక్షకుణ్ని ఆగి చూసేలా చెయ్యడం, ఇవన్నీ అక్కడ అబ్బినవే అని నా నమ్మకం.

‘రాధ’తో పాటు ఆడిన ‘ఇన్సెన్స్’ నాకు అన్నిటికన్నా ఇష్టం. చీర కట్టుకుని, ధూపం పళ్లెం పట్టుకుని వస్తుంది, నిప్పుల మీద ధూపం చల్లుతుంది. ఇక కథేమీ లేదు. పొగ ఎలా లేస్తుందో చేతులు అలా లేస్తాయి. ఆ అల భుజం వెనక ఎముక దగ్గర పుట్టి మోచేయి, మణికట్టు దాటి వేలి చివర దాకా ఎక్కడా తెగకుండా వెళ్తుంది. ‘కోబ్రాస్’లో అవే చేతులు రెండు పాములు, వేళ్లకి పెట్టుకున్న పచ్చరాళ్ల ఉంగరాలు పాము కళ్లు. ఒక్క జత చేతులతో ఇంత చెయ్యడం నేర్చుకోదగ్గ విద్య.

బతుకుతెరువు అడిగారు కదా. 1906లో న్యూయార్క్ అయ్యాక మూడేళ్లు యూరప్‌లో ఉంది. లండన్, బెర్లిన్, వియన్నాల్లో బాగా ఆదరించారు. తిరిగొచ్చాక వోడ్‌విల్ (పాటలు, ఆటలు, హాస్యం కలిపిన ప్రదర్శనలు) టూర్లు. 1914లో టెడ్ షాన్ అనే నర్తకుణ్ని పెళ్లి చేసుకుంది, మరుసటేడు ఇద్దరూ లాస్ ఏంజెలెస్‌లో ‘డెనిషాన్’ స్కూలు పెట్టారు. మోడరన్ డాన్స్‌లో పెద్ద పేర్లయిన మార్తా గ్రాహం, డోరిస్ హంఫ్రీ, చార్ల్స్ వైడ్‌మన్ అక్కడ తయారైనవాళ్లే. అమెరికన్ మోడరన్ డాన్స్ సగం ఆ గడప దాటి వచ్చింది.

న్యూజెర్సీ_అమ్మ:
చాలా థాంక్స్ అండీ. మరి ఇండియా ఎప్పుడైనా వచ్చిందా? మనవాళ్లు ఏమన్నారు?

గజ్జెకట్టిన_టీచర్:
వచ్చింది. 1925–26లో డెనిషాన్ బృందం జపాన్, చైనా, బర్మా, ఇండియా, సిలోన్, జావా తిరిగింది. కలకత్తా, బొంబాయిల్లో ఆడారు. ఆవిడ ‘నాచ్’ నాట్యానికి మన ప్రేక్షకులు చప్పట్లు కొట్టి మళ్లీ ఆడించుకున్నారు.

నాకు కడుపు మండేది ఇక్కడే. అప్పటికి మద్రాసు ప్రెసిడెన్సీలో మూడు దశాబ్దాలకు పైగా నాచ్ వ్యతిరేక ఉద్యమం నడుస్తోంది. మన కలావంతుల ఆడవాళ్లకి గౌరవంగా ఆడే చోటు తగ్గిపోతోంది. 1927లో ముత్తులక్ష్మీ రెడ్డి గారు మద్రాసు శాసన మండలిలో దేవదాసీ పద్ధతి ఆపాలని తీర్మానం పెట్టారు, 1947లో చట్టమే వచ్చింది. కూచిపూడిలోనేమో ఆడవేషాలు కూడా మగవాళ్లే కట్టేవారు. సరిగ్గా ఆ కాలంలో దొరసాని నాచ్ ఆడితే కళ అయింది, మన ఆడవాళ్లు ఆడితే అనాచారం అయింది. రూత్ ఒక్కదాని తప్పు ఇది కాదు, కానీ పాప ఇది రాయకుండా ఉంటే ప్రాజెక్టు అసంపూర్తే.

ఇంకొకటి. మీరు ఫొటోల్లో చూసిన ఆ తలపాగాల మనుషులు. 1906లో న్యూయార్క్‌లో దొరికిన భారతీయులనే, విద్యార్థులు, గుమాస్తాలు, కోనీ ఐలండ్‌లో పనిచేసేవాళ్లని, పోగుచేసి పూజారులుగా నిలబెట్టింది. ఆ ఫొటో ప్రాజెక్టులో పెట్టమనండి, కింద వాళ్లెవరో ఒక వాక్యం రాయమనండి.

పాత_పోస్టర్లు:
ఒక్క మాట కలుపుతా. 1940లో రూత్ లా మెరి అనే అమెరికన్ నర్తకితో కలిసి న్యూయార్క్‌లో ‘స్కూల్ ఆఫ్ నాట్య’ పెట్టింది. లా మెరి మాత్రం ఇండియా వెళ్లి నిజంగా నేర్చుకున్నావిడ. మరుసటేడు జేకబ్స్ పిల్లో అనే నాట్య కేంద్రంలో రూత్ ‘రాధ’ మళ్లీ ఆడింది, అప్పటికి ఆవిడకి 62 ఏళ్లు. దాన్ని ఫిల్మ్ తీశారు.

గజ్జెకట్టిన_టీచర్:
అవునండీ, అందులో కొంత చూశాను. వయసు కాళ్లలో తెలుస్తుంది, చేతుల్లో తెలియదు. అమ్మా, పాపని క్లాసులో ‘ఇన్సెన్స్’ చేతి కదలిక ఒకటి చేసి చూపించమనండి, వెంటనే మన కూచిపూడి అడవు (అడుగుల వరస) ఒకటి వెయ్యమనండి. తేడా మీద పేజీలు రాయక్కర్లేదు, టీచరుకే కనిపిస్తుంది. అల భుజం వెనక నుంచి రావాలి, మణికట్టు నుంచి కాదు. అది రాకపోతే వీడియో పంపండి, చెబుతాను.