బిడ్డ వచ్చేలోపు ట్రైపాడ్ మార్చాలా?

అందరికీ నమస్కారం. నాది నెల్లూరు. చలికాలం వస్తే ఆదివారాలు నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతుల ఫొటోలు తీస్తూ అక్కడే నా మకాం. దూరపు పక్షుల్ని దగ్గరగా చూపే 150-600 ఎంఎం జూమ్ లెన్స్ ఒక్కటే దాదాపు 2 కిలోలు. పాత అల్యూమినియం ట్రైపాడ్ (మూడు కాళ్ల కెమెరా స్టాండ్), బరువైన లెన్స్‌ని తేలిగ్గా అటూ ఇటూ తిప్పనిచ్చే గింబల్ హెడ్ కలిపి ఇంకో 4 కిలోలు. ఇన్నాళ్లూ మోశాను, బాధ లేదు.

ఇప్పుడు సంగతి వేరు. సంక్రాంతి ప్రాంతంలో మాకు తొలి బిడ్డ పుట్టబోతోంది. ఆ వెంటనే విశాఖకు ట్రాన్స్‌ఫర్, రెండు గదుల అద్దె ఇల్లు. ఇకపై పక్షుల కంటే పాపో బాబో, ఆ ఫొటోలే ఎక్కువ తీస్తానేమో. (ట్రైపాడ్‌కి ఉయ్యాల కడదామని మా ఆవిడ వేళాకోళం!)

పాతది అమ్మేసి కిలోన్నర లోపు కార్బన్ ఫైబర్ ట్రైపాడ్ కొంటే ఈ లెన్స్‌కి ఆగుతుందా? మధ్య రాడ్ పైకి లేపితే ఊగుతుందని తెలుసు. లేపకుండా, కింద బ్యాగు వేలాడదీసి వాడినా సముద్రపు గాలికి ఫొటోలు షేక్ అవుతాయా? లేక మోనోపాడ్ (ఒంటికాలి స్టాండ్) చాలా? బీచ్ ఇసుక, ఉప్పు గాలికి స్టాండ్ కాళ్లకి తిప్పి బిగించే ట్విస్ట్ లాకులు మేలా, మీట నొక్కి బిగించే ఫ్లిప్ లాకులా?

బడ్జెట్ 15 వేలు. సెకండ్ హ్యాండ్ అయినా పర్వాలేదు. లెన్స్ అమ్మేయమని మాత్రం చెప్పకండి. చిన్నపిల్లలున్న ఇంట్లో ఇవన్నీ ఎలా సర్దుకున్నారో అనుభవం ఉన్నవాళ్లు చెప్పగలరు.