తిమ్మమ్మ మర్రిమానుకి పాపతో వెళ్తున్నాం, ఆ కథ పిల్లలకి ఎలా చెప్పాలి?

అందరికీ నమస్తే. మేం బెంగళూరులో ఉంటాం, పాప సెలవుల్లో కదిరి నరసింహస్వామి దర్శనం చేసుకుని అట్నుంచటే తిమ్మమ్మ మర్రిమానుకి వెళ్దామనుకుంటున్నాం, మా అత్తగారికి అక్కడ మొక్కుంది. పాపకి తొమ్మిదేళ్లు, ప్రతిదానికీ ఎందుకు ఎందుకు అంటుంది. 1434లో తిమ్మమ్మ భర్త చితిలో సహగమనం చేసిందని, చితికి పాతిన గుంజే చిగురేసి ఈ మాను అయిందని కథ కదా. ఆమె ఎందుకు చచ్చిపోవాలమ్మా అని అడిగితే అత్తగారి ముందు ఏం చెప్పను? అలాగని కథ దాచేసి ఉత్త చెట్టు చూపించి తెచ్చేయడం కూడా మనసొప్పట్లేదు. దారి, ఎండ సంగతి కూడా చెప్పండి ప్లీజ్.

కదిరి మల్లె:
మాది కదిరే అక్కా. ఊరు గూటిబైలు, ఎన్.పి.కుంట మండలం, కదిరి నుంచి పాతిక కిలోమీటర్లకి అటూ ఇటూ ఉంటాది. బస్సు కోసం కాచుకుంటే పొద్దుపోతాది, కారు లేకుంటే రానూపోనూ ఆటో మాట్లాడుకోండి. బయట ఎంత ఎండున్నా మాను కిందికి పోతే చల్లగుంటాది. దూరం నుంచి చూస్తే ఒక్క చెట్టని ఎవరూ అనుకోరు, దాదాపు ఐదెకరాలు పరుచుకుంది, 1989లో గిన్నిస్ బుక్కులో ఎక్కింది. లోపల తిమ్మమ్మ గుడి చిన్నదే, పిల్లల్లేనోళ్లు వచ్చి మొక్కుకుంటారు. శివరాత్రి జాతరప్పుడు మాత్రం పిల్లల్తో రావద్దు, జనం చానా ఉంటారు. ఆకు తుంచితే కీడంటారు, పాపకి ముందే చెప్పిపెట్టండి.

పంతులమ్మ:
దాచొద్దండి, ఉన్నదున్నట్టు చెప్పండి. ఆ రోజుల్లో కొన్ని ఇళ్లలో భర్త పోతే భార్య కూడా చితిలోకి వెళ్లే ఆచారం ఉండేది, అది చాలా తప్పు, రామమోహన్ రాయ్ లాంటివాళ్లు పోరాడితే 1829లో బెంగాల్లో, మరుసటేడు మద్రాసు ప్రెసిడెన్సీలో నిషేధించారు అని చెప్తే తొమ్మిదేళ్ల పిల్లకి బాగానే అర్థమవుతుంది. 1987 చట్టం ప్రకారం సతిని గొప్ప చేసి పొగడటం కూడా నేరమే. ఇదంతా ఇంట్లోనే, బయల్దేరకముందే మాట్లాడేయండి, గుడి దగ్గర అత్తగారిని మొక్కుకోనివ్వండి, ఆవిడ బిడ్డల కోసం ఒక తల్లిని తలుచుకుంటున్నారు, అందులో పేచీ ఏముంది. ఇంకో మాట, కదిరి దగ్గరే గాండ్లపెంట మండలం కటారుపల్లిలో వేమన సమాధి ఉంది, అదీ చూపించండి, అన్నిట్నీ ప్రశ్నించినాయన కదా, మీ పాపకి నచ్చుతాడు.

పాలమూరు:
నేనైతే ఊడల దగ్గర ఎక్కువ సేపు నిలబెడతా. కొమ్మ నుంచి వేలాడే లేత ఊడ కొస మెత్తగా ఉంటది, మట్టీ ఎరువూ నింపిన వెదురు బొంగులోంచి దాన్ని నేల దాకా దించుతరు, ఒక్కసారి వేరు పట్టిందంటే లావెక్కి ఆ కొమ్మకి అదే గుంజయితది. తిమ్మమ్మ గుంజ ఏది అని పాప అడిగితే ఇవన్నీ దాని పిల్లలే అని చూపెట్టొచ్చు. హౌరా బొటానికల్ గార్డెన్ మర్రికి బూజు పట్టి 1925లో అసలు మొదలే తీసేశిండ్రు, ఊడల మీదనే ఇప్పటికీ బతుకుతుంది. మా పిల్లలమర్రికి చెదలు పట్టి 2017 డిసెంబర్‌లో పెద్ద కొమ్మ విరిగింది, జనాన్ని రానియ్యకుండ ఆపి సెలైన్ బాటిళ్లు కట్టి మందు ఎక్కించిండ్రు. కొమ్మలెక్కి ఊగుడు, పేర్లు చెక్కుడు చూసి చూసి కడుపు మండిపోయింది. దయచేసి అక్కడ ఎవరన్న ఎక్కితే దిగమని చెప్పుండి.

అడిగినావిడ:
చాలా థ్యాంక్స్ అండీ. రాత్రి పాపకి చెప్పేశాను, కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత తిమ్మమ్మకి వాళ్లమ్మ అడ్డు చెప్పలేదా అని అడిగింది. చెప్పిందో లేదో నాకు తెలీదు అన్నాను. కటారుపల్లి, మర్రిమాను ఒక్కరోజులో అయిపోతాయా?

కదిరి మల్లె:
అయిపోతాయి అక్కా, పొద్దున్నే స్వామి దర్శనం చేసేసుకుని బయల్దేరండి. నీళ్ల బాటిళ్లు కదిరిలోనే కొనుక్కోండి.