ఆవు ఈనిన రాత్రే తండ్రీకూతుళ్లు కలిసిపోతే, అది గాయం మానడమేనా?

చిత్తుప్రతి: పొలం, కుటుంబం, మనసు కుదుటపడటం మీద వచ్చే నవలల ముగింపు గురించి అడుగుతున్నాను. తండ్రితో మాటల్లేని కూతురు ఇంటికొస్తుంది. తొలిచూలు ఆవు ఈనలేక అవస్థ పడుతుంటే ఇద్దరూ కలిసి దూడను లాగుతారు. తెల్లారేసరికి పాత కోపాలు పోతాయి, ఆమె ఉద్యోగం మానేసి అక్కడే ఉండిపోతుంది. ఇది మీకు నమ్మబుద్ధి అవుతుందా?

పశువులపాక: ముందు ఆ ఈత సరిగ్గా రాయాలి. కాళ్లు కనబడగానే తాడు కట్టి లాగేస్తారు చాలా కథల్లో. ముందుకాళ్లు రెండూ, వాటి మీద ఆనుకుని మూతీ కనబడాలి. మూతి లేదంటే తల వెనక్కి తిరిగి ఉండొచ్చు. అలా లాగితే దూడ చచ్చిపోతుంది, ఆవుకీ ప్రమాదమే. తాడు గిట్ట పైకీలుకు పైన వేయాలి. ఆవు ముక్కినప్పుడే లాగాలి, అది ఆగితే ఆగాలి. తల, భుజాలు బయటికొచ్చాక కిందికి లాగాలి. నీటి సంచి పగిలి 2 గంటలైనా కదలిక లేకపోతే పశువుల డాక్టరు రావాల్సిందే.

వానచినుకు: పశువైద్యం నేర్చుకోవడానికి ఎవరూ నవల చదవరండీ.

పశువులపాక: నేర్పమనలేదు. "ముక్కినప్పుడే లాగు" అన్నదాంట్లోనే సన్నివేశమంతా ఉంది. తండ్రి "ఊఁ" అంటే ఆమె లాగాలి, "ఆగు" అంటే ఆగాలి. మాట వినడం మానేసిన ఇద్దరు ఆ గంటసేపు వినక తప్పదు. కౌగిలింత కన్నా అది బలమైనది. దూడ పడ్డాక కూడా ఏడుస్తూ కూర్చునే తీరిక ఉండదు. తల్లి రక్తంలోని రక్షణ పదార్థాలు మాయ (కడుపులో దూడను తల్లితో కలిపే పొర) దాటి దూడకు చేరవు కాబట్టి మొదటి 2 గంటల్లోనే ముర్రుపాలు, అంటే ఈనగానే వచ్చే తొలిపాలు పట్టాలి, దూడ బరువులో పదో వంతు. 30 కిలోల దూడకు 3 లీటర్లు. మాయ 12 గంటల్లోపు దానంతటదే పడాలి, చేత్తో లాగకూడదు.

నారుమడి: ఈత వివరాలు బాగున్నాయి.

మెట్టచేను: ఒక్క రాత్రి చాలదు. ఆవు ఈని, మళ్లీ ఎదకొచ్చి, చూలు నిలిచి, మళ్లీ ఈనేసరికి 12–13 నెలలు. నవల ఆ చక్రమంతా నడిస్తే మార్పు నమ్మొచ్చు. మధ్యలో పొదుగువాపు రావాలి, పాలు పారబోయాలి, ఇద్దరూ మళ్లీ గొడవపడాలి.

వానచినుకు: మళ్లీ ఆవేనా! ముగింపు గురించి ఒక్కరూ మాట్లాడరేం? కూతురు తిరిగి వెళ్లిపోయే ముగింపు బాగుంటుందని పోయినసారి నేనంటే, పారిపోవడం అని తీసిపారేసింది మీరే పశువులపాక గారూ.

పశువులపాక: ఇప్పుడూ అదే అంటాను. రోజుకు రెండు పూటలా పాలు తీయాలి, మనసు బాగున్నా లేకపోయినా లేవాలి. మనిషిని నిలబెట్టేది ఆ క్రమమే. ఉండిపోతేనే గాయం మానుతుంది.

వానచినుకు: అసలు పేచీ అక్కడే ఉంది! ఒక్క రాత్రిలో మనసు కరిగిందంటే నేను నమ్ముతాను. ఉండిపోతేనే క్షమించినట్టు అంటే మాత్రం ఒప్పుకోను. ఉద్యోగం మానేసింది, రెండు పూటలా పాలు పితుకుతోంది. పొలం ఎవరి పేరున ఉంది? పాల డబ్బు ఎవరి చేతికొస్తోంది? ఆ రెండూ రాయకుండా కూతురి చాకిరీకి "స్వస్థత" అని పేరు పెడుతున్నారు. తండ్రి తన తప్పు ఒప్పుకున్న వాక్యం ఏ పేజీలో ఉంది?

మెట్టచేను: పొలం కాగితాల మాట నిజమే. నేను దాన్ని ఆలోచించలేదు.

పశువులపాక: తండ్రి ఒప్పుకోవాలి, కాదనను. పొలంలో వాటా కూడా రాయనివ్వండి. కానీ పని చేసే ప్రతి కూతురూ మోసపోయినట్టే చూస్తే ఆ పనికి గౌరవం ఏదీ?

వానచినుకు: గౌరవం ఉంటే జీతమో వాటానో ఉంటుంది.

చిత్తుప్రతి: మాయ పడి, దూడ నిలబడ్డాక ఆమె వెళ్లిపోతుంది, నెలకోసారి వస్తుంది అని రాస్తే?

పశువులపాక: రాయండి. మిగతా రోజుల్లో తెల్లవారుజామున పాలు ఎవరు తీస్తున్నారో కూడా అందులో ఉండాలి.