22 వేల కిలోమీటర్లకే క్లచ్ జారుతోంది, తప్పు కాలిదా కారుదా?

ఆరోగేరు
కారు రెండు లీటర్ల టర్బో, ఆరు గేర్ల మాన్యువల్, ముందు చక్రాల డ్రైవ్. రెండేళ్ళు కూడా నిండలేదు, తిరిగింది 22 వేలు. నెల నుంచి నాలుగో గేర్లో రెండు వేల ఆర్‌పీఎం దగ్గర గట్టిగా తొక్కితే ముల్లు ఒక్కసారిగా మూడున్నర వేలకి ఎగురుతుంది, బండి మాత్రం వేగం అందుకోదు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు బానే ఉంటది, అరగంట తిరిగాక మొదలవుద్ది. వారంటీ అడిగితే సర్వీస్ వాళ్ళు గేర్‌బాక్స్ దించకుండానే "క్లచ్ అరిగిపోయే వస్తువు సార్, మీరు నడిపే తీరు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ట్రాక్‌కి వెళ్ళింది రెండే సార్లు, లాంచ్‌లు (ఆగిన చోటు నుంచి ఫుల్ జోరుతో దూకించడం) కొట్టే పిచ్చి లేదు. దీనికి ముందున్న మామూలు కారు లక్షా ముప్పై వేలు తిరిగినా కంపెనీ క్లచ్చే ఉండింది. అవే కాళ్ళు కదా ఇవి కూడా. కంపెనీలు బలమైన ఇంజిన్ పెట్టి బక్క క్లచ్ తగిలిస్తున్నాయని నా అనుమానం. మీరేమంటారు?

పాతకాపు
డ్రైవరే. ఇందులో చర్చకి ఏముంది. క్లచ్ ప్లేటు, ఫ్లైవీల్ (ఇంజిన్‌తో పాటు తిరిగే చక్రం) ఒకే స్పీడులో తిరుగుతుంటే అక్కడ రాపిడే లేదు, రాపిడి లేకపోతే అరుగుదల లేదు. వెయ్యి కిలోమీటర్లు ఆగకుండా ఆరో గేర్లో పోయినా ప్లేటు చెక్కు చెదరదు. పెడల్ మీద కాలు ఉన్నప్పుడే అరుగుతుంది, ఆ కాలు కంపెనీ వాడిది కాదుగా. ఎత్తు మీద బ్రేక్ వేయకుండా హాఫ్ క్లచ్‌లో బండి నిలబెట్టేవాళ్ళని, గేర్ మార్చాక కూడా పాదం పెడల్ మీదే ఆనించేవాళ్ళని రోజూ చూస్తున్నా. ఒక్కడూ ఒప్పుకోడు.

టర్బోపిచ్చి
పాతకాపు గారూ మీరు ప్రతి థ్రెడ్‌లో ఇదే పాట. క్లచ్ ఎంత టార్క్ (తిప్పే బలం) మోయగలదో కాలుతో పని లేదు, రాపిడి గుణకం, నొక్కే బలం, ప్లేటు సగటు రేడియస్, రెండు ముఖాలు, ఇవన్నీ గుణిస్తే వచ్చేదే. ఉదాహరణకి 0.3, 8000 న్యూటన్లు, పది సెంటీమీటర్లు, రెండు ముఖాలు అనుకుంటే 480 న్యూటన్ మీటర్లు. ఇంజిన్ 400 ఇస్తుంటే పర్లేదు, దాని మీద ఒక ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ట్యూన్ కొట్టి 500 చేశావా ఇక ఏ మహానుభావుడి కాలైనా ఒకటే, పెడల్ ముట్టుకోకపోయినా పై గేర్లో జారుద్ది. పెడల్ తేలిగ్గా ఉండాలని నొక్కే బలం తక్కువ పెట్టుకుంటారు, అదీ అసలు కథ. ఆరోగేరు బ్రో, ట్యూన్ ఏమైనా ఉందా?

ఆరోగేరు
లేదు బ్రో, పక్కా స్టాక్, కంపెనీ ఇచ్చినట్టే.

లెక్కలమాస్టారు
ఇద్దరూ సగం సగం కరెక్టే, కానీ "అవే కాళ్ళు" అన్న మాట దగ్గర చిన్న లెక్క ఉంది. బండిని ఆగిన చోటు నుంచి కదిపేటప్పుడు ఇంజిన్ ఒకే ఆర్‌పీఎం దగ్గర ఉండి క్లచ్ ఒకే పట్టు పడుతుంటే, ఇంజిన్ ఇచ్చిన పనిలో సగం బండి కదలడానికి పోతుంది, మిగతా సగం క్లచ్‌లో వేడైపోతుంది. అంటే క్లచ్ పూర్తిగా పట్టే సమయానికి బండికి ఎంత గతిశక్తి వచ్చిందో దాదాపు అంతే వేడి ప్లేటు తిన్నట్టు. 1500 కిలోల కారు, మొదటి గేర్లో 1500 ఆర్‌పీఎంకి గంటకి 12 కిలోమీటర్లు అనుకోండి, ఎనిమిది కిలోజౌళ్ళ పైచిలుకు. అదే 3000 దగ్గర వదిలితే 33, 4500 దగ్గర వదిలితే 75. ఆర్‌పీఎం మూడింతలైతే వేడి తొమ్మిదింతలు. ఎత్తు మీదైతే ఇంకా ఎక్కువ.

ఇప్పుడు ఆ కాళ్ళ సంగతి. జోరు కార్లలో మొదటి గేర్ సాధారణంగా పొడుగ్గా ఉంటుంది, అంటే అదే ఆర్‌పీఎంకి బండి ఎక్కువ స్పీడులో ఉంటుంది. పాత కారు కంటే మొదటి గేర్ పాతిక శాతం పొడుగైతే, బరువూ ఆర్‌పీఎం ఒకటే అయినా కదిపిన ప్రతిసారీ వేడి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. కాళ్ళు మారలేదు, కాళ్ళ కింద లెక్క మారింది. ఇది తప్పా అంటే తప్పని నేను అనను, కానీ పాత అలవాటే కొత్త బండికి బరువు.

పాతకాపు
అంటే డ్రైవరే అని మాస్టారు కూడా ఒప్పుకున్నారు 😄

లెక్కలమాస్టారు
అలా అన్లేదండీ బాబూ. అయినా ఇందాక చెప్పిందాంట్లో తిరిగిన కిలోమీటర్లు ఎక్కడా లేవు, గమనించారా. ఎన్నిసార్లు కదిపారు, ఏ ఆర్‌పీఎం దగ్గర వదిలారు, అదే లెక్క. 22 వేలకే పోయిందని కారునీ తిట్టలేం, లక్ష దాటిందని డ్రైవర్‌కి దండా వెయ్యలేం.

వీకెండ్‌ట్రాక్
నా వంతు రెండు ముక్కలు. ఒకటి, నాలుగు చక్రాల డ్రైవ్ మాన్యువల్ కార్లలో లాంచ్ కొడితే టైర్లు జారవు, జారేది క్లచ్ ఒక్కటే, అందుకే ఆ కార్లలో తొందరగా కాలిపోతాయి. ముందు చక్రాల కార్లో ముందు టైరే చేతులెత్తేస్తుంది, అదో రకంగా క్లచ్‌కి మేలు. 2016 ఫోర్డ్ ఫోకస్ ఆర్‌ఎస్ లాంటి నాలుగు చక్రాల మాన్యువల్‌కి కంపెనీయే లాంచ్ కంట్రోల్ ఇచ్చింది, బటన్ ఇచ్చి నొక్కకు అంటే ఎవడు ఆగుతాడు చెప్పండి. రెండోది, బీఎండబ్ల్యూ లాంటి వాళ్ళు చాలా మాన్యువల్ కార్లలో హైడ్రాలిక్ లైన్లో డిలే వాల్వ్ పెట్టారు. మనం కాలు టక్కున తీసినా ఆయిల్ నిదానంగా వెనక్కి వస్తుంది, క్లచ్ మెల్లగా పడుతుంది. గేర్‌బాక్స్‌కీ షాఫ్టులకీ దెబ్బ తగలకూడదని పెట్టింది, కానీ గేర్ గేర్‌కీ ప్లేటు కాస్త అదనంగా జారుతుంది. అక్కడ కాలిది తప్పంటే నేనొప్పుకోను, మనం కాలు ఎప్పుడో తీసేశాం.

హీల్‌టో
అసలు ఈ గొడవకి బాగా సరిపోయే కారు పోర్షే కారెరా జీటీ. దాని సిరామిక్ క్లచ్ 169 మిల్లీమీటర్లే, రెండు ప్లేట్లు, వెనకాల 612 పీఎస్ ఇంజిన్. మామూలు కార్లలాగా యాక్సిలరేటర్ ఇస్తూ వదిలితే ఎగిరి ఆగిపోతుంది, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా మెల్లగా వదిలితే ఐడిల్ మీదే కదులుతుంది. డ్రైవర్‌కి రాకా, డిజైన్ మొండిదా? రెండూ. ఆ కారు కొన్నోడు ఆ కారు నేర్చుకోవాల్సిందే.

టర్బోపిచ్చి
కారెరా జీటీ కొన్నోడు ఈ థ్రెడ్ చదవడులే అన్నా

గ్రీజుచేతులు
పని మీద ఉండి ఇప్పుడే చూశా. లెక్కలు బాగున్నాయి గానీ మొదటి పోస్టులో ఉన్న అసలు ముక్క ఎవరూ పట్టుకోలేదు. "పొద్దున బానే ఉంటది, అరగంట తిరిగాక జారుద్ది." ప్లేటు రివెట్ల దాకా అరిగిపోయి ఉంటే పొద్దున కూడా ఎంతో కొంత జారాలి కదా. వేడెక్కితే లైనింగ్ (ప్లేటు మీది రాపిడి పొర) పట్టు తగ్గే మాట నిజమే, కానీ మామూలుగా తిరిగే బండిలో అరగంటకే అంత తేడా అంటే నా చూపు ముందు పెడల్ వైపు పోతుంది.

పెడల్ నొక్కితే ఆయిల్‌ని తోసే మాస్టర్ సిలిండర్లో చిన్న రంధ్రం ఉంటుంది, పెడల్ పూర్తిగా పైన ఉన్నప్పుడు అది తెరుచుకుని లైన్లో ఉన్న ఆయిల్‌ని డబ్బాతో కలుపుతుంది. ఇంజిన్ వేడికి ఆయిల్ వ్యాకోచిస్తే అదనంగా ఉన్నది ఆ దారిన వెనక్కి పోవాలి. పెడల్ దగ్గర పిస్టన్‌ని తోసే పుష్ రాడ్‌కి ఫ్రీ ప్లే (కాస్త ఖాళీ ఆట) లేకపోతే పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, ఆ రంధ్రం మూసుకునే ఉంటుంది. ఇక వేడెక్కిన ఆయిల్ ఎక్కడికి పోతుంది, క్లచ్‌ని విడదీసే రిలీజ్ బేరింగ్‌ని నొక్కుతుంది. నువ్వు కాలు తీసేసినా పెడల్ మీద ఎవరో సగం కాలు పెట్టినట్టే. చల్లారగానే మళ్ళీ మామూలు. పాదం ఆనించి నడిపేవాడి క్లచ్, ఇలాంటి క్లచ్ విప్పితే ఇంచుమించు ఒకేలా కనపడతాయి, రెండు ముఖాలూ సమానంగా అరిగి, ఫ్లైవీల్ నీలంగా మారి, ప్రెషర్ ప్లేటు వేళ్ళ చివర్లు గాడి పడి ఉంటాయి. అందుకే సర్వీస్ వాళ్ళు విప్పినా నీ మీదికే తోస్తారు.

గేర్‌బాక్స్ దించే ముందు ఒక పని చెయ్యి తమ్ముడూ. బాగా తిప్పి, జారడం మొదలయ్యాక బండి ఆపి, కళ్ళకి అద్దాలు పెట్టుకుని స్లేవ్ సిలిండర్ (లైన్‌కి అటు చివర క్లచ్ వైపు ఉండేది) దగ్గర ఆయిల్ వదిలే బ్లీడ్ స్క్రూ కొంచెం వదులు చెయ్యి. పెడల్ ముట్టుకోకుండానే ఆయిల్ చిమ్మిందంటే లైన్లో ప్రెషర్ చిక్కుకున్నట్టే. స్క్రూ బిగించి మళ్ళీ నాలుగో గేర్లో తొక్కి చూడు. జారడం తగ్గిందా, దొంగ దొరికాడు. క్లచ్ ఆయిల్ చాలా కార్లలో బ్రేక్ ఆయిలే, పెయింట్ మీద పడనీకు. పనిలో పనిగా ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య కింద ఆయిల్ తడి ఉందేమో కూడా చూడు, వెనక సీల్ కారినా ప్లేటు జారుద్ది.

పాతకాపు
ఒకటి అడగనా, ఫ్రీ ప్లే దానంతట అది పోతుందా?

గ్రీజుచేతులు
సాధారణంగా పోదు. ఎవరో స్పానర్ పెట్టి ఉండాలి.

ఆరోగేరు
అన్నా చేశా. సన్నగా చిమ్మింది, పెడల్ మీద కాలు కూడా లేదు. బిగించి వెళ్ళి చూస్తే మునుపటంత లేదు గానీ గట్టిగా తొక్కితే ఇంకా కొంచెం జారుతోంది. సీల్ దగ్గర పొడిగానే ఉంది.

ఇక ఒప్పుకోక తప్పదు. ఎనిమిది నెలల కింద బైట్ పాయింట్ (పెడల్ వదిలేటప్పుడు క్లచ్ పట్టే చోటు) మరీ కింద ఉందనిపించి ఒక వీడియో చూసి పుష్ రాడ్ నేనే తిప్పా. రెండు చుట్లు అనుకుంటా, మూడు కూడా కావచ్చు. బైట్ పైకొచ్చింది, భలే ఉందనుకున్నా. పెడల్ పైన ఆట అనేదే లేదు, ఇప్పుడు వేలితో నొక్కి చూస్తే తెలుస్తోంది.

పాతకాపు
నేనేం అనను. నా మొదటి పోస్టు చదువుకోండి.

టర్బోపిచ్చి
మీరన్నది కాలు, వీడు పెట్టింది చెయ్యి. పాయింట్ నాకే

గ్రీజుచేతులు
ఎనిమిది నెలలు సగం పట్టుతో తిరిగిందిగా, లైనింగ్ కొంత పోయే ఉంటుంది, అందుకే ఇంకా జారుతోంది. ముందు రాడ్‌ని వెనక్కి తిప్పి మీ కారు మాన్యువల్లో చెప్పినంత ఫ్రీ ప్లే పెట్టు, ఒక వారం చూడు. తగ్గకపోతే దించాల్సిందే. దించితే ప్లేటు ఒక్కటే వేసి మూసెయ్యకు, ప్రెషర్ ప్లేటు, బేరింగ్ కూడా మార్చు. నీది డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ (మధ్యలో స్ప్రింగులతో రెండు ముక్కలుగా ఉండేది) అయితే చేత్తో అటూ ఇటూ తిప్పి ఎంత ఆడుతుందో కొలిపించు, నీలం మచ్చలు, సన్న పగుళ్ళు ఉంటే అదీ పోయినట్టే. వారంటీ వాళ్ళతో మాత్రం ఇంక గొడవ పడకు, రాడ్ మీద స్పానర్ గీతలు చూస్తే వాళ్ళకి తెలిసిపోద్ది.

వీకెండ్‌ట్రాక్
డిలే వాల్వ్ తీసిన రోజే నేను కూడా రాడ్ కొంచెం తిప్పినట్టు గుర్తు. కిందకి వెళ్ళి పెడల్ చూసొస్తా ఆగండి.

వీకెండ్‌ట్రాక్
ఆట లేదు 🙏